'మొరయు' - అర్థము, ప్రయోగము, పాఠనిర్ణయము

కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి మంజీరా పరీవాహక ప్రాంతానికి చెందినది. 'మంజీరము' అంటే కాలి అందె. నది పేరులోనే ధ్వని ఉన్న ఈ సీమలో తెలుగుకు మరాఠీ, కన్నడాలు ఇరుగుపొరుగు. ఇక్కడ డప్పయినా గంటయినా 'మోగుతుంది'. అదే అర్థంలో కావ్యభాషలో ఉండి వ్యవహారం నుంచి తొలగిపోయిన క్రియ 'మొరయు'. దాని స్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిఘంటువులు 'మొరయు'కు 'మ్రోగు' అని అర్థం చెబుతాయి. అర్థసామ్యం, రూపసామ్యం చూసి రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయని భావించే అవకాశం ఉంది. సోదర భాషల సాక్ష్యం ఇందుకు భిన్నంగా ఉంది. 'మ్రోగు'కు సజాతీయాలు తమిళ 'ముఴంగు', కన్నడ 'మొళగు'. మూలద్రావిడ 'ఴ'కారం తెలుగులో అచ్చుల నడుమ డకారమైంది (ఏఴు - ఏడు, కోఴి - కోడి). వర్ణవ్యత్యయం వల్ల ఏర్పడిన సంయుక్తాక్షరాలలో రేఫ అయింది (కీఴ్ - క్రింద, విఴుంగు - మ్రింగు). 'మ్రోగు' ఈ రెండవ మార్గంలో వచ్చి, ఆపై రేఫ లోపించి 'మోగు' అయింది. 'మొరయు'లోని రేఫ అలా పుట్టినది కాదు; అది ధాతువులోనే ఉంది. తమిళంలో తుమ్మెద ఝంకారాదులను తెలిపే 'మురల్' దీనికి సజాతీయం. ఇక మొరపెట్టుకోవడంలోని 'మొఱ' శకటరేఫ గలది. తమిళ 'ముఱై'తో చేరేది. కాబట్టి ఇవి మూడు వేర్వేరు మూలాలు.

'మొరయు' అకర్మకం, భూతకాలంలో 'మొరసెను', క్త్వార్థంలో 'మొరసి', ప్రేరణంలో 'మొరయించు' అవుతుంది. దుందుభులు, అందెలు, తుమ్మెదలు దీనికి సహజ కర్తలు. ర-ఱల భేదం పోయాక ఈ పదం 'మొర', 'మొరుగు' అనే మాటల సరసన నిలిచింది. ఆర్తనాదం, కుక్క అరుపు స్ఫురించే చోట మంగళధ్వనిని చెప్పే పదానికి చోటు తగ్గిందని ఊహించవచ్చు. 'మ్రోగు'కు అలాంటి ఇబ్బంది లేదు.

ఈ చర్చకు పాఠపరిష్కరణలో ప్రయోజనం ఉంది. తెలుగు లిపిలో 'మొ', 'మె' గుణితాలకు భేదం స్వల్పం. అందెలు మొరసెనా, మెఱసెనా? రెండూ అర్థవంతమే. గణాలు సహాయపడవు, ఎందుకంటే రెండింటిలోనూ తొలి అక్షరం లఘువే. పదాది వర్ణం యతిస్థానంలో పడితే మాత్రం సందేహం తీరుతుంది: 'మొ' ఉ-ఊ-ఒ-ఓ వర్గపు అచ్చులతోను, 'మె' ఇ-ఈ-ఎ-ఏ వర్గపు అచ్చులతోను చెల్లుతాయి. రెండవ వర్ణం ప్రాసస్థానంలో పడితే, ర-ఱలకు ప్రాస కూర్చని ప్రాచీన కవుల పద్యాలలో లఘురేఫ 'మొరయు'ను, శకటరేఫ 'మెఱయు'ను నిర్ధారిస్తుంది. ఈ రెండు స్థానాలలోనూ పడని ప్రయోగాలలో పరిష్కర్త పాఠాంతరాన్ని అధోజ్ఞాపికలో చూపడం ఉచితం.

అపరిచితమైన పదాన్ని పరిచితమైన పదంగా చదవడం లేఖకునికీ, పరిష్కర్తకూ సహజమే. అలా చదివిన ప్రతిచోటా పద్యంలోని ధ్వని కాంతిగా మారుతుంది. ఒక ప్రాచీన క్రియకు గల ప్రయోగసాక్ష్యం ఒకటి తగ్గుతుంది. అందువల్ల 'మెఱసె' అని అచ్చయిన చోట్లను, ముఖ్యంగా అందెలు కర్తగా ఉన్నవాటిని, యతిప్రాసల వెలుగులో మరల పరిశీలించడం అవసరం.