తలుపులు మూసిన సభలో ఒక దినచర్య

అమెరికా సంయుక్త రాష్ట్రాల తొలి సెనేటు 1789లో న్యూయార్కు నగరంలో సమావేశమైనప్పుడు ఆ సభలోకి ప్రజలకు ప్రవేశం లేదు. ప్రతినిధుల సభలో జరిగే చర్చలు పత్రికలలో వచ్చేవి. సెనేటులో ఎవరు ఏమన్నదీ బయటివారికి తెలిసేది కాదు. అధికార గ్రంథంలో తీర్మానాలు, వోట్లు తప్ప ప్రసంగాలు లేవు. అయినా ఆ నాటి మాటలు నేడు మనకు తెలియుచున్నవంటే, అందుకు ముఖ్యకారకుడు పెన్సిల్వేనియా సభ్యుడు విలియం మెక్లే.

మెక్లే 1737లో జన్మించినాడు. న్యాయశాస్త్రం చదివినా, భూముల సర్వేయే ఆయనకు ప్రధాన వృత్తి అయినది. 1788లో రాష్ట్ర శాసనసభ ఆయనను, సంపన్న వర్తకుడైన రాబర్ట్ మారిస్‌ను సెనేటుకు ఎన్నుకున్నది. ఎవరి పదవి ఎంతకాలమో చీట్లు వేసి నిర్ణయించగా, మారిస్‌కు ఆరు సంవత్సరాలు, మెక్లేకు రెండు సంవత్సరాలు వచ్చినవి. ఆ రెండేళ్లూ ఆయన సభలో విన్నదీ కన్నదీ దినచర్యగా వ్రాసిపెట్టినాడు.

మొదటి వివాదం బిరుదులను గురించి. దేశాధ్యక్షుణ్ణి ‘ఏలినవారు’ అనే ధోరణిలో సంబోధించవలెనని సెనేటు ఉపసంఘం సూచించినది. సభకు అధ్యక్షత వహించే ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కు అది ఎంతో ఇష్టం. రాజరికాన్ని కాదని యుద్ధం చేసినవారికి రాజోపచారాలేమిటని మెక్లే పట్టుపట్టినాడు. ప్రతినిధుల సభ కూడ అంగీకరించలేదు. చివరకు ‘సంయుక్త రాష్ట్రాల అధ్యక్షుడు’ అన్న నిరాడంబరమైన పేరే నిలిచినది.

1789 ఆగస్టు 22న వాషింగ్టన్ స్వయంగా సెనేటుకు వచ్చినాడు. దక్షిణ ప్రాంతపు ఆదివాసి జాతులతో చేసుకొనదలచిన సంధిపై సభ్యుల సమ్మతి ఆయనకు కావలెను. వీథిలో బండ్ల రొదకు పత్రాలు చదువుతున్నది సరిగా వినబడలేదు. పత్రాలను ఉపసంఘానికి అప్పగించి, నిదానంగా పరిశీలింపవలెనని మారిస్ ప్రతిపాదించగా మెక్లే సమర్థించినాడు. వాషింగ్టన్‌కు ఆగ్రహం వచ్చినది. సోమవారం తిరిగివచ్చి సమ్మతి పొందినాడు గాని, అటువంటి ఆలోచనకై మరెన్నడూ స్వయంగా సెనేటుకు రాలేదు. అంతటి మహనీయుని సమక్షంలో కూడ సభ తన స్వాతంత్ర్యాన్ని వదలుకొనరాదని మెక్లే తలంపు.

ఆర్థికమంత్రి హామిల్టన్ ఋణపథకాన్ని కూడ ఆయన ఎదిరించినాడు. జీతాలకు బదులుగా పుచ్చుకున్న ఋణపత్రాలను ఎందరో సైనికులు కారుచౌకగా అమ్ముకున్నారు. లాభమంతా వాటిని కొన్న వ్యాపారులకు పోవునని ఆయన బాధ. ఆ వాదం ఓడిపోయినది.

మెక్లే దినచర్యను తుదితీర్పుగా గ్రహింపరాదు. అందులో కోపమున్నది, ఎత్తిపొడుపులున్నవి. ఆడమ్స్ పట్ల న్యాయదృష్టి తక్కువ. కాని అది లేకున్న ఆ సభ మనకు మూగసభయే.

1791లో గడువు తీరినది. రాష్ట్ర శాసనసభ ఆయనను తిరిగి ఎన్నుకొనలేదు. సభాద్వారాలు ప్రజలకు తెరవవలెనని 1794లో సెనేటు తీర్మానించినప్పుడు ఆయన అందులో లేడు. 1804లో హారిస్‌బర్గ్‌లో మరణించినాడు. దినచర్య పూర్తిగా అచ్చయినది 1890లో. నెగ్గినవారి వాదాలు శాసనాలుగా నిలిచినవి. ఓడినవారి వాదాలు ఏమైనవో చెప్పుటకు, ఓడిన ఒక సభ్యుని వ్రాతలు మిగిలినవి.