పగిలిన చేతులు, మోం-రోగన్, ఫజ్ర్ వుజూ

పుష్యమాసం చలిలో ఫజ్ర్ అజాన్‌కి లేచే మన బుజుర్గులకు ఒక తక్లీఫ్ ఉంటుంది. దాని మీద ఎవరూ బయాన్ చెయ్యరు. చేతులు పగిలి ఉంటాయి. వేళ్ల కణుపుల మీద, బొటనవేలి పక్కన సన్నటి చీలికలు. చన్నీళ్లు తగిలితే సుర్రుమంటుంది. పోనీ రాత్రి ఏదైనా నూనె రాసుకుందామంటే, తెల్లారి వుజూ అవుతుందా అవదా అని వస్‌వసా. సముద్రం పక్క జిల్లాలకు చలేమిటని అనేవాళ్లున్నారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సీతంపేట వైపో పార్వతీపురం వైపో ఒకసారి వెళ్లొస్తే మళ్లీ ఆ మాట అనరు.

మనకిది చిన్న విషయం. మన పాత కితాబుల్లో మాత్రం చిన్నది కాదు. తిబ్ రాసిన హకీములూ, ఫిఖ్హ్ రాసిన ఉలమా కూడా దీని గురించి రాశారు. ఇద్దరూ వాడిన అరబీ మాట కూడా ఒకటే: షుఖాఖ్, అంటే పగుళ్లు.

ముందు హకీముల సంగతి. 1037లో వఫాత్ అయిన బూ అలీ సీనా తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' నాలుగో కితాబులో చర్మం పగుళ్లకు చోటిచ్చాడు. యూనానీ లెక్కలో దీని మూలం యుబూసత్, మన ఇళ్లలో అనే ఖుష్కీ. ఇలాజ్‌గా యూనానీ హకీములు వాడుతూ వచ్చిన వాటిలో ఒకటి ఖైరూతీ. పేరు గంభీరంగా ఉంది గానీ సరుకు రెండే: తేనెమైనం, నూనె. ఉర్దూలో మోం-రోగన్. ఖైరూతీ అన్న మాట గ్రీకు నుంచి అరబీలోకి వచ్చింది, అక్కడ దాని అర్థం మైనంతో చేసినదనే. రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన గ్రీకు హకీం జాలీనూస్ (ఇంగ్లీషువాళ్ల గాలెన్) ఈ మైనం, నూనెల్లో నీళ్లు కలిపి గిలక్కొట్టేవాడు. ఇప్పుడు దుకాణంలో కోల్డ్ క్రీం అని కొనేదానికి ముత్తాత అదే.

ఇవాళ్టి చర్మవైద్యులు చెప్పేది కూడా దీనికి దూరం కాదు. చలికాలం గాలిలో తేమ తగ్గుతుంది. చర్మం పైపొరలో ఉండే సహజమైన చమురును సబ్బు, వేడినీళ్లు కడిగేస్తాయి. లోపలి తడి ఆరిపోయి పొర బిరుసెక్కుతుంది, వేలు వంచినప్పుడల్లా చిట్లుతుంది. నూనె చర్మానికి నీళ్లివ్వదు, ఉన్న నీళ్లను పోనివ్వదు, అంతే. అందుకే ఎండిన చేతికి రాస్తే ఫాయిదా తక్కువ. చేతులు కడుక్కుని, పైపైన అద్దుకుని, చెమ్మ ఉండగానే రాయాలి.

దీనికోసం మన జిల్లాలవాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు. నువ్వుల నూనె ఉంది, ఆముదం ఉంది. సవరల కొండల్లో తేనె ఉంది, తేనె ఉన్నచోట మైనమూ ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి నూనె ఉంది. అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది గనక చలికాలంలో మైనం లేకపోయినా సగం మోం-రోగన్‌లా నిలుస్తుంది. నాలుగు వంతుల నూనెలో ఒక వంతు మైనం వేసి, గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించి, చల్లారనివ్వాలి. నుస్ఖా అంతే.

ఇక వుజూ మస్‌లా. గోల్కొండ పాలనలో మన శ్రీకాకుళం, అప్పటి చికాకోల్, ఫౌజ్‌దార్లు ఉండే ఊరు. ఇక్కడి జామియా మసీదు కట్టించింది ఆ 17వ శతాబ్దపు ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖానే. అదే శతాబ్దంలో డమాస్కస్‌లో అలావుద్దీన్ హస్కఫీ (వఫాత్ 1677) 'దుర్రుల్ ముఖ్తార్' రాశారు. ఇటు హిందుస్తాన్‌లో ఔరంగజేబ్ ఆలంగీర్ ఉలమాను కూర్చోబెట్టి 'ఫతావా ఆలంగీరీ' తయారుచేయించాడు. మన హనఫీ ఉలమా ఇప్పటికీ తీసి చూసే కితాబులివి. పగిలిన చేతుల గురించి హస్కఫీ మెట్లు మెట్లుగా చెప్పారు: కడగగలిగితే కడుగు, లేకపోతే తడిచేత్తో మసహ్ చెయ్యి, అదీ చేతకాకపోతే ఆ చోటు వదిలెయ్యి. చీలికలో మందు పెట్టి ఉండి, దాన్ని తీస్తే బాధ పెరిగేటట్టయితే పైనుంచి నీళ్లు పోనిస్తే చాలు. పలచగా రాసిన నూనె జిడ్డు వుజూకి అడ్డం కాదు. నీళ్లు చర్మానికి తగలకుండా మందంగా పేరుకున్న మైనమైతే తుడిచెయ్యాలి.

కష్టంలోనూ వుజూ పూర్తిగా చెయ్యడానికి గొప్ప సవాబ్ ఉందని హదీసు ఉంది, నిజమే. దాన్ని పట్టుకుని పెద్దవాళ్లు నెత్తురొచ్చే చేతులను చన్నీళ్లలో ముంచడం నాకు నచ్చదు. ఫుఖహా కూడా అలా అర్థం చేసుకోలేదు. నీళ్లు కాచుకోవడం మనాహీ కాదు కదా.

అయితే ఈ నుస్ఖా అందరి చేతులకూ ఒకేలా పనిచెయ్యదు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో సరిగ్గా చలి మొదలయ్యే రోజుల్లోనే గోగు కోసి, కట్టలు కట్టి చెరువుల్లో ఊరేస్తారు. కుళ్లిన నీళ్లలో గంటల తరబడి నిలబడి నార తీసే చెయ్యి రోజంతా నానుతుంది, రాత్రి చలిగాలికి ఆరుతుంది. అంతకంటే కష్టం పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టే ఆడవాళ్లది. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడిమామిడి గింజ పెంకులో కారే నూనె ఉంటుంది. తగిలితే చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడుతుంది.

ఈ జాతి మంట అరబ్బులకు ముందే తెలుసు. మన చాకళ్లు బట్టలకు గుర్తుపెట్టే నల్లజీడి తిబ్‌లో 'బలాదుర్'. జ్ఞాపకశక్తికని దాన్ని తాగి మతి చెడి పోయాడని చెప్పుకునే కథ వల్లే తొమ్మిదో శతాబ్దపు గొప్ప ముఅర్రిఖ్ 'ఫుతూహుల్ బుల్దాన్' రచయితకు బలాజురీ అన్న పేరు వచ్చిందంటారు. తాగింది ఆయన కాదు తాత అని కూడా అంటారు.

జీడి కార్మికులు పనికి ముందు చేతులకు బూడిదో నూనో పట్టిస్తారు. అది సరైన పనే. పనయ్యాక మరక పోవాలని సబ్బుతో, ఇసుకతో తోమడమే చేటు, ఉన్న కాస్త పొరా పోతుంది. ముందు నూనెతో తుడిచి, తర్వాత తక్కువ సబ్బుతో కడిగి, తడి మీద మోం-రోగన్ రాస్తే పగుళ్లు కొంత పూడతాయి. గ్లవ్స్ తొడుక్కోమని సలహా ఇవ్వడం తేలిక. కూలి కిలోల లెక్కన ఇచ్చేచోట వేలు ఎంత నెమ్మదిస్తే కూలి అంత తగ్గుతుంది. గ్లవ్స్ ఖర్చే కాదు, ఆ తగ్గే కూలి కూడా యజమాని లెక్కలోకి రావాలి.

ఆ మరకతో నమాజ్ అవుతుందా అని అడిగేవాళ్లు కూడా ఉంటారు. మెహందీలాగే అది చర్మానికి పట్టిన రంగు, పొర కాదు. వుజూ అవుతుంది.