ఐదు రోజుల యుద్ధం, మూడేళ్ల కాపలా

1948 సెప్టెంబరు 13న మొదలైన హైదరాబాద్ పోలీసు చర్య 17కల్లా ముగిసింది. మర్నాడు నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు లొంగిపోయాడు. ఏటా సెప్టెంబరులో మనం చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది. జనగామ పల్లెల్లో, మానుకోట చుట్టుపక్కల, భూపాలపల్లి వైపు అడవుల్లో మాత్రం భారత సైన్యానికి అసలు పని ఆ తర్వాతే మొదలైంది.

గెలిచిన నేలను కాయడం ఒక ప్రత్యేక యుద్ధవిద్య. 1941లో సోవియట్ యూనియన్ మీద పడ్డ జర్మనీ, ముందుకెళ్లే సేనల వెనుక రైలు మార్గాలనూ వంతెనలనూ కాపాడేందుకు 9 భద్రతా డివిజన్లను దించింది. కాపలాకని వెళ్లినవే ఊళ్లు తగలబెట్టాయి, యూదుల ఊచకోతలో పాలుపంచుకున్నాయి. తెలంగాణలో జరిగినదాన్ని ఆ ఘోరంతో సమానం చేయకూడదు. అయితే గెరిల్లాను పట్టాలంటే ముందు అతనికి అన్నం పెట్టే ఊరిని పట్టాలన్న ఆలోచన ఇక్కడా పనిచేసింది.

జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో తాలూకా. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గూండాల తుపాకులకు కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జులై 4న. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను తానే ఇంటికి చేర్చుకుంది. దున్నేవాళ్లు భూములు పంచుకున్నారు. పోలీసు చర్యకు 17 రోజుల ముందే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం బలగాలూ ఊరి మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. అలాంటి నేల మీదికి యూనియన్ మిలటరీ వస్తే జనం సంతోషించక ఏం చేస్తారు? రజాకార్ల పీడ విరగడైంది. ఆ మేలును కాదనలేం.

కానీ సైన్యం వెంట దొరలూ తిరిగొచ్చారు. ఊళ్లలో క్యాంపులు వెలిశాయి. పంచుకున్న భూమి వదలమన్నారు, కమ్యూనిస్టు గెరిల్లా దళాల జాడ చెప్పమన్నారు. చెప్పనివాళ్లకు దెబ్బలు, జైళ్లు. జాగీర్ల రద్దు 1949లో, కౌలుదారీ చట్టం 1950లో వచ్చాయి. ఆ రెండు సంస్కరణల వెనుక ఈ పల్లెల పోరాటపు ఒత్తిడి ఉందని నేను నమ్ముతాను. జనగామ ప్రాంత నాయకుడు నల్లా నర్సింహులుకు మరణశిక్ష పడింది. ఉరిశిక్ష పడిన తెలంగాణ ఖైదీల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. చివరికి నర్సింహులు ఉరి తప్పించుకున్నాడు.

మైదానంలో నిలవలేక దళాలు పాకాల, గుండాల, ములుగు అడవులకు, గోదావరి తీరానికి తరలాయి. కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ భాగమే. అడవిలో దళాలకు అన్నమూ కబురూ అందించింది కోయగూడేలు. వెట్టితో, అటవీ సిబ్బంది మామూళ్లతో విసిగిన కోయలకు దళం అండగా కనిపించింది. ఆ బంధం తెంచడానికి గూడేలను ఖాళీ చేయించి, కోయలను క్యాంపుల పక్కకు తోలారు. ఇళ్లు కాల్చారు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ‘వీర తెలంగాణ విప్లవపోరాటం - గుణపాఠాలు’లో ఈ తరలింపులను బ్రిగ్స్ పథకంతో పోల్చారు. మలయాలో బ్రిటిష్ వాళ్లు 1950 నుంచి అమలు చేసిన ఆ పథకం కింద సుమారు 5 లక్షల మందిని ముళ్లకంచెల ‘కొత్త పల్లెల్లో’ పెట్టారు. పోడు చేసుకుని, ఇప్పపువ్వు ఏరుకుని బతికే కుటుంబాన్ని అడవికి దూరంగా గుంపులో నిలబెడితే ఆ ఏటి తిండి పోయినట్టే. తుపాకీ పట్టని ముసలివాళ్లూ పిల్లలూ కూడా ఆ శిక్ష అనుభవించారు. కొమరయ్య పేరు తెలిసిన మనకు ఆ కోయల్లో ఎందరి పేర్లు తెలుసు?

ఇటు పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీలోనూ ఒక్క మాట లేదు. నిజాం పోయాక తుపాకీ దించాలని పార్టీ నాయకుడు రావి నారాయణరెడ్డి వాదించారు. సాగించాలన్న పక్షమే కొన్నాళ్లు నెగ్గింది. ఆ పట్టుదలకు కూడా గూడేలు మూల్యం చెల్లించాయన్నది ఒప్పుకోక తప్పదు. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. దాదాపు 4,000 మంది బలయ్యారని పార్టీ లెక్క.

మరుసటి ఏడాది ఎన్నికలు. పార్టీపై నిషేధం వల్ల కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. నెహ్రూకు వచ్చినవాటికన్నా అవి ఎక్కువ.