నలభైమూడవ సంవత్సరం

శుభసంఖ్య, అశుభసంఖ్య అనే పట్టింపు లేని జాతి అరుదు. పాశ్చాత్యులకు 13 అంటే జంకు. చైనా, జపాను దేశాలలో 4 పనికిరాదు. ఆ అంకె పేరూ, మృత్యువును తెలిపే మాటా దాదాపు ఒకే విధంగా ధ్వనించడమే కారణం. ఇటువంటి భయాలు చాలావరకు గది నెంబరును మార్చడంతో తీరిపోతాయి. కాని ఇటువంటి విశ్వాసమే ఒకటి ఒక దేశపు జననాల లెక్కను తారుమారు చేసింది.

1965లో జపానులో 18 లక్షల 24 వేల శిశువులు జన్మించారు. 1966లో 13 లక్షల 61 వేలే. 1967లో తిరిగి 19 లక్షల 36 వేలు. నడుమ ఒక్క ఏడు నాలుగవ వంతు తరుగు! ఆ ఏడు అక్కడ యుద్ధం లేదు, కరువు లేదు. కారణం పంచాంగంలో ఉన్నది.

చైనాలో పుట్టి జపానుకు వచ్చిన ఆ కాలగణనలో రెండు వరుసలు జంటగా నడుస్తాయి. ఒకటి పది గుర్తులది: కర్ర, అగ్ని, మట్టి, లోహం, నీరు అనే అయిదింటికి 'అన్న', 'తమ్ముడు' అని రెండేసి రూపాలు. రెండవది ఎలుకతో మొదలయ్యే పన్నెండు జంతువులది. ఏటేటా రెండు వరుసలూ ఒక్కొక్క మెట్టు జరుగుతాయి. పదిని పన్నెండుతో హెచ్చవేసి, మొదటి జంట 120 ఏళ్ళకు గాని తిరిగి రాదని విద్యార్థి అనుకోవచ్చు. కాని 10, 12ల కనిష్ఠ సామాన్య గుణిజం 60. అందుచేత చక్రం 60 ఏళ్ళకే పూర్తవుతుంది. సగం జంటలు ఎన్నటికీ ఏర్పడవు. ఇందులో 43వది 'హినోఏ-ఉమ'. 43ను 10 చేత భాగిస్తే శేషం 3, 12 చేత భాగిస్తే 7. మూడవ గుర్తు అగ్ని, ఏడవ జంతువు గుర్రం.

ఇంతవరకు అంకగణితం. ఈ అగ్ని-అశ్వ సంవత్సరంలో పుట్టిన ఆడది ఉగ్రస్వభావురాలై భర్త ప్రాణం తీస్తుందనే మాట మాత్రం ఏ లెక్కకూ అందదు. దానికి బలం చేకూర్చినది ఒక విషాద కథ. నేడు టోక్యో అయిన ఎదో నగరంలో ఒషిచి అనే కూరగాయల వర్తకుని కూతురు, ప్రియుణ్ణి తిరిగి చూడాలనే ఆశతో ఇంటికి నిప్పుపెట్టిందనీ, ఆ నేరానికి 1683లో ఆమెను సజీవంగా దహించారనీ చెబుతారు. 1686లో ఇహార సైకకు ఆమె వృత్తాంతాన్ని కథగా వ్రాశాడు. తరువాత అది నాటకశాలలకెక్కింది. ఒషిచి 1666లో, అనగా అగ్ని-అశ్వ సంవత్సరంలో, పుట్టిందని జనం నమ్మారు. పాపం, ఒక పిల్ల చేసిన తప్పు ఆ ఏడు పుట్టబోయే ఆడపిల్లలందరి నుదుటా ఎక్కింది.

1906లో జననాలు సుమారు 4 శాతమే తగ్గాయి. అయితే, పలువురు తల్లిదండ్రులు కూతురి పుట్టుకను ముందటి ఏటికో తరువాతి ఏటికో మార్చి నమోదు చేయించారు. పెళ్ళినాటికి ఆ తేదీ అడ్డు రాకూడదు కదా! 1966 నాటికి కుటుంబ నియంత్రణ సాధనాలు చేతికి వచ్చాయి. విజ్ఞానం మూఢవిశ్వాసాన్ని తొలగించడానికి బదులు దానికి పనిముట్టయింది. కడుపులోని శిశువు ఆడో మగో ముందుగా తెలిసే వీలు ఆనాటి దంపతులకు లేదు గనుక, ఆడపిల్లను గురించిన భయం మగపిల్లల సంఖ్యనూ అంతగానే తగ్గించింది.

అరవై ఏళ్ళ చక్రం తెలుగువారికీ ఉన్నది. 1966 ఉగాదితో మొదలైన సంవత్సరం పేరు పరాభవ. వినడానికి అదీ మంచి పేరు కాదు! అయినా ఆ పేరుకు వెరచి ఇక్కడ జననాలు తగ్గలేదు. ఏ ఒషిచి కథా దానికి అంటుకొనలేదు.

జపానులో 1966 నాటి లెక్క చాలాకాలం ఒక కొలబద్దగా నిలిచింది. ఆ ఏడు స్త్రీ ఒక్కంటికి సగటు సంతానం 1.58. 1989లో అది 1.57కు దిగినప్పుడు దేశం ఉలిక్కిపడింది. ఈసారి ఏ గుర్రమూ అడ్డు రాలేదు. 2024లో పుట్టినవారు 6 లక్షల 86 వేలే, అంటే 1966లో పుట్టినవారిలో సగం.

హినోఏ-ఉమ తిరిగి వచ్చేది 2026లో. 1966లో పుట్టిన ఆడపిల్లలకు ఆ ఏడే 60 నిండుతాయి. మన షష్టిపూర్తి వలె జపానులో దానికి 'కన్రెకి' అనే వేడుక ఉన్నది. చక్రం తిరిగి మొదటికి వచ్చిందని ఎర్రని చేతులులేని అంగీ తొడుగుతారు.