ఇందిరమ్మ పట్టా, ఇందిర ఎమర్జెన్సీ

భూమి రికార్డుల కోసం పల్లెలు తిరిగేటప్పుడు మాకు తరచూ వినిపించే మాట: "ఇది ఇందిరమ్మ ఇచ్చిన భూమి." పట్టా ఇచ్చింది రాష్ట్ర రెవెన్యూ శాఖ. అయినా దళితవాడల్లోని పెద్దవాళ్లకు అది ఇందిరమ్మ భూమే. అవే ఏళ్లు పౌరహక్కుల ఉద్యమానికి ఎమర్జెన్సీ ఏళ్లు. ఈ రెండు జ్ఞాపకాల్లో ఏదీ అబద్ధం కాదు.

1917 నవంబర్ 19న అలహాబాద్‌లో పుట్టిన ఇందిరా గాంధీ 1966 జనవరిలో ప్రధాని అయ్యారు. చెప్పినట్టు వింటుందనుకున్న పార్టీ పెద్దలను మూడేళ్లలో పక్కకు నెట్టారు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1971లో 'గరీబీ హటావో' అంటూ 352 లోక్‌సభ సీట్లు గెలిచారు. ఊరి దొరను, కులపెద్దను దాటి ఆ నినాదం నేరుగా కూలివాడి గడపకు చేరింది. అయితే అందులో పేదరికం ఉంది, కులం లేదు. కంచికచర్లలో కోటేశును సజీవంగా కాల్చిందీ, తమిళనాడు కీళ్వేణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో తగలబెట్టిందీ ఆమె ప్రధానిగా ఉన్న 1968లోనే.

భూమి సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ భూగరిష్ఠ పరిమితి చట్టం 1973లో వచ్చింది. అమలయ్యేలోపే భూస్వాములు భూములను బంధువుల పేర్ల మీదికి, బినామీల పేర్ల మీదికి మార్చేశారు. దళితుల చేతికి వచ్చింది చాలాచోట్ల బంజరే. ఆ కాస్త భూమీ చేజారకుండా 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. ఆ చట్టంతో పట్టాదారు అమ్ముకునే వీలు లేకుండా పోయింది. చేజారడం మాత్రం ఆగలేదు.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ. వారం తిరగకముందే, జూలై 1న, ఇరవై సూత్రాల కార్యక్రమం: ఇళ్ల స్థలాలు, గ్రామీణ అప్పులపై మారటోరియం, వెట్టి రద్దు. ఆ అక్టోబర్‌లో వెట్టి రద్దు ఆర్డినెన్సు వచ్చి 1976లో చట్టమైంది. అంటరానితనం నేరాల చట్టం పౌరహక్కుల రక్షణ చట్టంగా గట్టిపడి 1976 నవంబర్ 19న, ఆమె పుట్టినరోజునే, అమల్లోకి వచ్చింది. ఈ చట్టాలను మేము తక్కువ చేయం. కానీ వాటిని అమలు చేయమని నిలదీయాల్సిన సంఘాల నాయకులు జైళ్లలో ఉన్నారు, రాయాల్సిన పత్రికల మీద సెన్సార్ ఉంది. భూమి కోసం పోరాడిన ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. 1976-77లో దేశంలో దాదాపు 83 లక్షల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఆ బలవంతం పడింది ఎక్కువగా పేదల మీదే.

మనకు ఇబ్బందికరమైన సంగతి ఇంకొకటి. ఎమర్జెన్సీని ఆమోదించే తీర్మానాన్ని లోక్‌సభలో పెట్టింది జగ్జీవన్ రామ్. 1977 ఫిబ్రవరిలో ఆయనే కాంగ్రెస్ వదిలి ఆమె ఓటమికి బాట వేశారు. జనతా పార్టీ ఆయన్ను ప్రధాని చేయలేదు.

1977 మే నెలలో బీహార్ బెల్చిలో 11 మందిని కాల్చి చంపారు, వారిలో 8 మంది దళితులు. ఆగస్టులో బురదదారిలో ఏనుగెక్కి ఇందిర ఆ ఊరికి వెళ్లారు. రాజకీయమే, అనుమానం లేదు. అయితే ఓడిపోయిన నాయకురాలికి మళ్లీ దారి దళితవాడలోంచే దొరికింది. 1980లో రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న హత్యకు గురయ్యేనాటికి ఆమె మెదక్ ఎంపీ.

ఆమె ఇళ్లకు, పథకాలకు ఇప్పటికీ పేరుగా ఉన్నారు. అసైన్డ్ పట్టాల కథ మాత్రం వేరేలా నడిచింది. ప్రాజెక్టులకు, పరిశ్రమలకు భూమి కావాలన్నప్పుడల్లా అధికారుల చూపు ముందు ఈ భూముల మీదే పడింది. సొంత పట్టాదారుతో సమానంగా అసైనీకీ నష్టపరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేకల పాండు కేసులో చెప్పేసరికి 2004 వచ్చింది.