యూఏఈలో అభిమాన పర్యటన

సినిమా, సంగీతం, కామిక్స్, యానిమే (జపాన్ యానిమేషన్) వంటి వాటి మీది ఇష్టంతో, అదే ఇష్టం ఉన్న నలుగురినీ కలవడానికి చేసే ప్రయాణాన్ని అభిమాన పర్యటన అనవచ్చు. యూఏఈ పేరు చెప్పగానే చాలామందికి అబుదాబి యాస్ దీవిలోని ఫెరారీ వరల్డ్, వార్నర్ బ్రదర్స్ వరల్డ్ వంటి థీమ్ పార్కులు గుర్తొస్తాయి. హిందీ సినిమాల పేరిట 2016లో దుబాయ్‌లో తెరిచిన బాలీవుడ్ పార్క్స్ 2023లో మూతపడింది. దానివల్ల అక్కడి భారతీయ సినీ అభిమానానికి లోటేమీ రాలేదు. ఆ అభిమానం మొదటి నుంచీ థియేటర్లలో, అవార్డు వేదికల మీద, పెద్ద ప్రదర్శన మందిరాల్లో బతుకుతోంది. హైదరాబాద్ నుంచి సుమారు నాలుగు గంటల విమాన ప్రయాణం కావడం, ఉపాధికి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉండడం వల్ల ఈ దేశం తెలుగు సినిమాకు పొరుగూరులా మారింది.

అవార్డుల రాత్రులు

దక్షిణాది సినిమాలకు ఇచ్చే సైమా పురస్కారాలు పుట్టిందే దుబాయ్‌లో, 2012 జూన్‌లో. మరుసటి ఏడాది షార్జాలో, 2017లో అబుదాబిలో జరిగాయి. మధ్యలో కౌలాలంపూర్, సింగపూర్, దోహా వెళ్లినా తిరిగి ఎమిరేట్స్‌కే చేరాయి. 2023 నుంచి వరుసగా మూడేళ్లు వేదిక దుబాయే. ఇది రెండు రాత్రుల వేడుక. నాలుగు భాషల పురస్కారాలను రెండు రాత్రులకూ పంచుతారు కాబట్టి, తెలుగుకు కేటాయించింది ఏ రాత్రో చూసుకున్నాకే టికెట్ కొనాలి.

2023లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది ‘సీతారామం’. 2022 ఆగస్టు 5న భారతదేశంలో విడుదలైన ఈ సినిమాకు యూఏఈలో సమయానికి అనుమతి దొరకలేదు. సుమారు వారం ఆలస్యంగా అక్కడి తెరల మీదికి వచ్చింది. ఆ వారం ఎదురుచూసిన ప్రేక్షకుల ఊళ్లోనే, ఏడాది తిరిగాక, దానికి పట్టం కట్టారు. సైమా చరిత్రలో ఇంతకన్నా మనసు నిండే సందర్భం ఈ వ్యాసకర్తకు కనబడదు.

2024 సెప్టెంబరులో యాస్ దీవిలోని ఎతిహాద్ అరీనాలో జరిగిన దక్షిణాది సినిమాల అవార్డు వేడుక ఐఫా ఉత్సవంలో చిరంజీవిని, బాలకృష్ణను ఘనంగా సత్కరించారు. తెలుగు సినిమాల కోసమే పెట్టిన గామా అవార్డులు కూడా ఎమిరేట్స్‌లోనే జరుగుతాయి. తారల క్రికెట్ పోటీ సీసీఎల్ 2024 సీజన్ షార్జాలో మొదలైంది.

థియేటర్లు

అవార్డులు ఏడాదికోసారి వస్తాయి, కొత్త సినిమా వారం వారం వస్తుంది. తెలుగు అభిమానం అసలు రూపం చూడాలంటే పెద్ద హీరో సినిమా మొదటి ఆటకు వెళ్లాలి. 2021 చివరి వరకు యూఏఈలో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అందువల్ల సినిమాలు గురువారమే విడుదలయ్యేవి. 2022 నుంచి సెలవులు శని, ఆదివారాలకు మారినా గురువారం అలవాటు చాలావరకు నిలిచింది. కాలమానంలో యూఏఈ మనకన్నా గంటన్నర వెనక. అయినా గురువారం రాత్రి ఆట చూసినవాళ్లు శుక్రవారం పొద్దున హైదరాబాద్‌లో మొదటి ఆటకు వెళ్లేవాళ్లకన్నా ముందే సినిమా చూసేస్తారు. దుబాయ్‌లో దేరా ప్రాంతంలోని అల్ ఘురైర్ సెంటర్‌లో ఉన్న స్టార్ సినిమాస్ వంటి హాళ్లు భారతీయ సినిమాలకు పాత నెలవులు.

తెర అడుగున ఇంగ్లిష్‌లో, చాలాసార్లు అరబిక్‌లో కూడా మాటలు కదులుతుంటాయి. హాల్లో జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి నిర్మాణ పనులకు వచ్చినవాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు, ఐటీ ఉద్యోగుల కుటుంబాలు పక్కపక్కన కూర్చుంటారు. వారానికి ఒకే సెలవు దొరికే కార్మికుడికి ఆ టికెట్ చిన్న ఖర్చేమీ కాదు. ఈలలు, చప్పట్లు మన ఊరి హాలును తలపిస్తాయి. కాగితాలు చింపి ఎగరేయడం, కొబ్బరికాయలు, హారతులు మాత్రం అక్కడ కుదరవు. తెరను ఫోన్‌లో రికార్డు చేస్తే పైరసీ కేసు అవుతుంది.

కామిక్ కాన్, యానిమే

మిడిల్ ఈస్ట్ ఫిల్మ్ అండ్ కామిక్ కాన్ 2012లో దుబాయ్‌లో మొదలై 2022లో అబుదాబికి మారింది. నచ్చిన పాత్ర వేషం కట్టి రావడం, చిత్రకారుల దగ్గర బొమ్మలు కొనడం, నటులతో ఫోటోలు దిగడం ఇక్కడి ప్రధాన ఆకర్షణలు. అరబ్బు యువతలో యానిమే మీద కనిపించే మక్కువ నిన్న మొన్నటిది కాదు. జపాన్ రోబో కథ ‘గ్రెండైజర్’ 1970ల చివర్లోనే లెబనాన్‌లో అరబిక్ డబ్బింగ్ పొంది, అరబ్బు దేశాల్లో ఒక తరం పిల్లలను టీవీల ముందు కూర్చోబెట్టింది. ఫుట్‌బాల్ కథ ‘కెప్టెన్ మాజిద్’ తర్వాతి తరాన్ని పట్టుకుంది. మన దగ్గర పాత పౌరాణికాల మీద ఇంటిల్లిపాదికీ ఉండే మమకారం లాంటిదే అది. మాంగా (జపాన్ కామిక్స్) పుస్తకాల కోసం దుబాయ్ మాల్‌లోని కినోకునియా దుకాణానికి ఒక పూట కేటాయించాలి.

మైనపు బొమ్మ, చిత్రీకరణ స్థలాలు

దుబాయ్ బ్లూవాటర్స్ దీవిలోని మేడం టుస్సాడ్స్ మైనపు బొమ్మల మ్యూజియంలో అల్లు అర్జున్ మైనపు విగ్రహాన్ని 2024 మార్చి 28న ఆయనే ఆవిష్కరించాడు. 2003లో అదే తేదీన కథానాయకుడిగా ఆయన తొలి సినిమా ‘గంగోత్రి’ విడుదలైంది. విగ్రహానికి ‘అల వైకుంఠపురములో’ నాటి ఎర్ర జాకెట్ తొడిగారు. చేతిని మాత్రం ‘పుష్ప’ శైలిలో గడ్డం కింద పెట్టారు. రెండు సినిమాలు ఒకే బొమ్మలో కలిశాయి.

చిత్రీకరణ స్థలాలు వెతికేవాళ్లకు అబుదాబిలో ఎక్కువ పని ఉంటుంది. అక్కడ ఖర్చు చేసిన నిర్మాతలకు 2024 చివరి దాకా అందులో 30 శాతం వరకు తిరిగి ఇచ్చిన పథకం పెద్ద సినిమాలను రప్పించింది. ప్రభాస్ ‘సాహో’లోని భారీ పోరాట దృశ్యాలను 2018లో అక్కడ తీశారు. దక్షిణాన లివా వైపు ఇసుక తిన్నెల్లో ‘డ్యూన్’ చిత్రీకరణ జరిగింది. ‘స్టార్ వార్స్: ది ఫోర్స్ అవేకెన్స్’లోని ఎడారి గ్రహం కూడా ఈ ఎమిరేట్‌లోని ఇసుకే. అబుదాబి నగరం నుంచి లివాకు కారులో రెండు గంటలు దాటుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. వేసవిలో ఆ ఎండను తట్టుకోలేరు.

చట్టాలు

అనుమతి లేకుండా ఇతరుల ఫోటోలు తీయడం, పంచుకోవడం యూఏఈలో నేరం. వేషం కట్టి వచ్చినవాళ్లనైనా అడిగాకే కెమెరా ఎత్తాలి. అభిమాన సంఘాలు మన దగ్గర చేసినట్టు హీరో పుట్టినరోజుకు చందాలు పోగుచేయడం కూడా చట్టవిరుద్ధమే. లైసెన్సు ఉన్న సంస్థలకే ఆ అధికారం ఉంటుంది. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్‌తో తెలుగు అభిమానులకు బలపడిన రక్తదానపు అలవాటును అక్కడి నివాసులు ప్రభుత్వ రక్తదాన కేంద్రాల ద్వారా కొనసాగించవచ్చు.