చదరంగంలో రాజుపై దాడి

చదరంగంలో ప్రత్యర్థి రాజు చుట్టూ పావులను కూడగట్టి ఆటకట్టు చేయడానికి, లేదా ఆటకట్టు తప్పించుకొనుటకై ప్రత్యర్థి పెద్ద నష్టానికి ఒప్పుకొనేటట్లు చేయడానికి సాగించే వ్యూహమే రాజుపై దాడి. ఈ వ్యాసంలో మూల గడులలో నిలిచే పావును ఏనుగు అని, ఐమూలగా నడిచే పావును శకటం అని, రాణి అని కూడా పిలువబడే పావును మంత్రి అని వ్యవహరించడమైనది.

దాడికి తగిన స్థితి

1886లో తొలి ప్రపంచ విజేత అయిన విల్‌హెల్మ్ స్టైనిట్జ్ దాడికి ముందు ఆధిక్యం ఉండాలని బోధించాడు. అంతకు ముందు తరంవారు ధైర్యమే చాలుననుకొనేవారు. ఆధిక్యం ఎన్నో రూపాలలో ఉండవచ్చును. ప్రత్యర్థి పావులు ఇంకా వెనుక వరుసలోనే ఉండడం, రాజు క్యాస్లింగ్ చేయక మధ్యలో చిక్కుకొనడం, రాజు ముందున్న బంట్లు కదలడం వంటివి. రాజు దరిదాపులకు ఎన్ని పావులు చేరగలవు, వాటిని ఎదుర్కొనడానికి ఎన్ని రాగలవు అన్నది ముందుగా లెక్కించవలసిన విషయం. పలక మధ్యభాగం తెరచి ఉండగా ప్రక్కల నుండి దాడికి దిగితే ప్రత్యర్థి మధ్యలోనే ఎదురుదెబ్బ తీస్తాడు.

పారిస్ ఆట

1858లో పారిస్ నాటకశాలలో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ తెల్లపావులతో ఇద్దరు ప్రభువులను 17 ఎత్తులలో ఓడించాడు. నల్లపక్షం మంత్రిని ఇ7 గడిలో నిలిపి తన శకటానికే దారి మూసింది. ఆ శకటం, దాని ప్రక్కనున్న ఏనుగు చివరి వరకు కదలనే లేదు. మార్ఫీ 12వ ఎత్తులో మంత్రి వైపు క్యాస్లింగ్ చేశాడు. దానితో అతని రాజుకు రక్షణ దొరికింది, ఏనుగు కూడా డి వరుసపైకి వచ్చింది. మరుసటి ఎత్తులో ఆ ఏనుగును బలి ఇచ్చి, వెంటనే రెండవ ఏనుగును అదే వరుసకు తెచ్చాడు. 16వ ఎత్తులో మంత్రిని కూడా వదిలి, ఒక ఏనుగు, ఒక శకటంతో ఆటకట్టు చేశాడు. అందరూ మంత్రి బలిని మెచ్చుకొంటారు గాని, విద్యార్థి శ్రద్ధగా చూడవలసినది 12వ ఎత్తు.

హెచ్7 బలి

17వ శతాబ్దపు ఇటలీ ఆటగాడు జియోకినో గ్రెకో కాలం నుండి తెలిసిన ఈ పద్ధతిని గ్రీకు కానుక అంటారు. నల్లరాజు తనవైపు క్యాస్లింగ్ చేసి ఉండగా తెల్లశకటం హెచ్7 బంటును చంపి చెక్ చెబుతుంది. రాజు దానిని చంపితే గుర్రం జి5కు వచ్చి మరల చెక్ ఇస్తుంది. రాజు జి8కు మరలితే మంత్రి హెచ్5కు చేరి హెచ్7లో ఆటకట్టుకు సిద్ధమవుతుంది. సాధారణంగా ఇ5లో తెల్లబంటు ఉండి నల్లగుర్రాన్ని ఎఫ్6కు రానీయకుండా ఆపాలి. నల్లపావు ఏదైనా హెచ్7ను కాపాడగలిగితే బలి వృథా. రాజు వెనుకకు పోక జి6కు ముందుకు వస్తే ఏమి చేయాలో కూడా ముందే లెక్కించుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడనే. ఒక శకటం పోగొట్టుకొని, తమ పావులు చెల్లాచెదురై, చివరకు తమ రాజే చిక్కులో పడుతుంది.

దేశీయ పద్ధతి

మన దేశపు పాత ఆటలో నేటి క్యాస్లింగ్ లేదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రం వలె దూకవచ్చును. అయితే అంతకు ముందే చెక్ పడితే ఆ హక్కు పోయేది. అందువలన నేటి ఆటలో వ్యర్థంగా తోచే తొందరపాటు చెక్‌కు కూడా ఆ ఆటలో విలువ ఉండేది.

తెలుగునాట

1970లో కొత్త జిల్లా ఏర్పడే వరకు ఒంగోలు గుంటూరు జిల్లాలో భాగం. ఆ గుంటూరులోనే పెంటేల హరికృష్ణ 1986లో, ద్రోణవల్లి హారిక 1991లో జన్మించారు. హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయి, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచాడు. హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ హోదా పొందినది. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్లలో వీరిద్దరూ ఉన్నారు. దూకుడైన ఆటకు పేరుపొందిన వరంగల్లు యువకుడు అర్జున్ ఇరిగేశి అదే ఒలింపియాడ్‌లో 11 ఆటలకు 10 పాయింట్లు సాధించాడు.